తేల్ రఘుపతి కుడి చెవి

సూరత్‌లో తాపీ నది దాటాక, అమ్రోలి మగ్గాల కార్ఖానాల సందులో ఒక టీ బండి ఉంది. పొద్దున ఏడింటికి షిఫ్టు మారే వేళ అక్కడికి వెళ్లి రఘుపతి ఎక్కడని అడిగితే, ఏ రఘుపతి అని ఎదురడుగుతారు. తేల్ రఘుపతి అంటే మాత్రం నలుగురూ ఒకేసారి చెయ్యి చూపిస్తారు. తేల్ అంటే నూనె. అతను నూనె అమ్మినవాడు కాదు. లోకంలో ఎక్కడ తుపాకీ పేలినా దాని కింద చమురు బావి ఉందని ముప్పై ఏళ్లు చెప్పినవాడు. విని విని విసుగెత్తిన తోటి పనివాళ్లు పెట్టిన పేరది. అతను మాత్రం దాన్ని బిరుదులాగే మోశాడు.

రాత్రి షిఫ్టు దిగేవాళ్లకీ పగటి షిఫ్టు ఎక్కేవాళ్లకీ మధ్య ఒక పావుగంట దొరికేది. ఆ పావుగంటలో రఘుపతి గుజరాతీ పేపరు విప్పి, అందులోని సంగతులు తెలుగులో చెప్పేవాడు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చి ఆ సందులో పనిచేసేవాళ్లలో గుజరాతీ అక్షరాలు చదవగలిగినవాడు అతనొక్కడే. కాబట్టి అతను చదివిందే వార్త, దాటేసింది జరగనట్టే లెక్క. క్రికెట్ ఎప్పుడూ దాటేసేవాడు. దాని మీద వయసులో చిన్నవాళ్లకి అతనితో రోజూ పేచీయే.

ఎదురు చెప్పేవాడు బ్రహ్మచారి ఒక్కడే. పేరుకి బ్రహ్మచారి గానీ నలుగురు పిల్లల తండ్రి. మగ్గాలు మొరాయిస్తే బాగుచేసే మేస్త్రీ. దేశాలు కూడా మనుషుల్లాంటివేననీ, పంతాలకీ పరువుకీ కొట్టుకుంటాయనీ, నూనె వంక మాత్రమేననీ అతని వాదం.

"మా ఊళ్లె పొలం గట్టు కాడ అన్నదమ్ములు తలకాయలు పలగ్గొట్టుకున్నరు. గా గట్టు కింద ఏ నూనె ఉండె?" అని అడిగాడొకసారి.

"నీళ్లుండె," అన్నాడు రఘుపతి, తడుముకోకుండా.

అందరూ నవ్వారు. ఆ పూటకి రఘుపతిదే గెలుపు.

అతని దగ్గర రుజువు కూడా ఉండేది. ఆ కార్ఖానాల్లో నేసేది పత్తి కాదు, పాలిస్టర్ చీర గుడ్డ. ఆ దారం పుట్టేది ముడి చమురులోంచి. ఇరాక్ మీద అమెరికా పడినప్పుడు దారం రేటు లేచింది, లిబియాలో గొడవైనప్పుడు మళ్లీ లేచింది. రెండుసార్లూ రఘుపతి ముందే చెప్పాడు. రెండోసారైతే కార్ఖానా శేఠ్ స్వయంగా పిలిచి, దారం ఇప్పుడే కొనమంటావా ఆగమంటావా అని అడిగాడు. ఆ రోజు నుంచి తన మొగుడి నడకే మారిపోయిందని సారక్క ఇప్పటికీ దెప్పుతుంది.

నిజం చెప్పాలంటే, ఆ నూనె మాట అతని తలలోంచి పుట్టింది కాదు, అతని కాళ్లకి తగిలింది. పద్మశాలీల ఇంట పుట్టి, ఇంటి మగ్గం మూలపడ్డాక ఇరవై రెండేళ్ల వయసులో కువైట్ వెళ్లాడు. ఒక దర్జీ దుకాణంలో గుండీలు కుట్టే పని. ఎనిమిది నెలలు తిరక్కముందే, తొంభైలో, ఒక ఆగస్టు పొద్దున ఇరాక్ టాంకులు వీధిలోకి వచ్చాయి. దుకాణం యజమాని పారిపోయాడు. రఘుపతి వేరే దేశాల కూలీలతో కలిసి బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా, జోర్డాన్ ఎడారిలోని డేరాల దాకా వెళ్లాడు. సీసాడు నీళ్లకి అరపూట వరసలో నిలబడ్డాడు. తన ఊరివాడు గానీ, తన భాషవాడు గానీ ఒక్కడు లేడు. ఆ డేరాలో పక్కన పడుకున్న సూరత్ ముసలాయన ఒకడు ఇసుక గుప్పిట్లోకి తీసుకుని, వాళ్లు వచ్చింది దీని కింద ఉన్నదాని కోసం, నువ్వూ నేనూ వాళ్ల లెక్కలోనే లేం అన్నాడు. విమానం ఎక్కి బొంబాయిలో దిగాక రఘుపతికి ఖాళీ చేతులతో ఊరికి పోవడానికి మొహం చెల్లలేదు. ఆ ముసలాయన వెంటే సూరత్ వచ్చి మగ్గం పట్టాడు. మరో నాలుగు నెలలకి కువైట్ బావులు తగలబడుతున్న ఫోటో పేపర్లో చూసి, ఆ పేపరు చదవడానికే గుజరాతీ నేర్చుకున్నాడు.

మగ్గం అతనికి తిండి పెట్టింది, ఎడమ చెవి తీసుకుంది. ఎనిమిది మగ్గాల మధ్య పన్నెండు గంటలు నిలబడేవాడికి మాట వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు విడదీస్తే దారం తెగిందని. బొటనవేలు పెదవికి తగిలిస్తే టీ అని. అరచెయ్యి గుండెకి ఆనించి బయటికి చూపిస్తే, నువ్వు పోయిరా, నీ మగ్గాలు నేను చూసుకుంటాను అని. నోటితో మాట్లాడాల్సి వస్తే అరుస్తారు, జవాబు కోసం ఆగరు. ఎటూ వినపడదు గదా. రఘుపతికి మరో అలవాటు కూడా ఉండేది. దారం ముడివేసే కుడి చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి కాబట్టి ఫోను ఎడమ చేత్తో పట్టుకునేవాడు, ఎడమ చెవికే పెట్టుకునేవాడు. వినపడని చెవికి. చెప్పాల్సింది గట్టిగా చెప్పి పెట్టేసేవాడు. మంచి చెవికి పెట్టుకోవయ్యా అని సారక్క ఎన్నిసార్లు తిట్టినా ఆ చెయ్యి మారలేదు. జనం దాన్ని చూసి నవ్వుకునేవారు, అతనూ నవ్వేవాడు.

పిల్లలు లేని ఆ ఇంటికి పిల్లవాడంటే పరుశురామే. రఘుపతి అక్క భూదేవి కొడుకు. తల్లి పోయాక మేనమామ సూరత్ తీసుకొచ్చి, పెంచి, మగ్గం నేర్పి, జమునతో పెళ్లి చేశాడు. కూతురు మంగ పుట్టాక పరుశురాం ఇరాక్ బయలుదేరాడు. బస్రా దగ్గర ఒక చమురు కంపెనీ క్యాంపులో బట్టలుతికే లాండ్రీ పని. వద్దని రఘుపతి నెలరోజులు గోల పెట్టాడు. ఇరాక్ పేరు వింటేనే అతనికి వీధిలోకి వచ్చిన ఆ టాంకులు కళ్లకి కట్టేవి. పరుశురాం నవ్వి, మూడేళ్లు మామా, నీ యుద్ధాలన్నీ అయిపోయినయి అని చెప్పి వెళ్లాడు.

రెండు వేల ఇరవై జనవరి నాలుగున రఘుపతి పేపరు విప్పి, ఆ రోజు ఎవరికీ ఏమీ చదివి వినిపించలేదు. బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర అమెరికావాళ్లు ఇరాన్ సేనానిని చంపారు. ఇంక ఆగదని అతనికి తోచింది. సాయంత్రం షిఫ్టు దిగేదాకా ఆగలేక, పదింటికి మగ్గాల మధ్యలోంచే ఫోన్ చేశాడు.

"పరుశురాం, సామాన్ గీమాన్ ఏం చూడకు. పాస్‌పోర్ట్ చేతుల పట్టుకొని వచ్చెయ్. గది నూనె జాగ. బాంబు పడితే ఫస్ట్ గక్కడ్నే పడ్తది."

అవతలి నుంచి "మామా, నేనేమంటున్ననంటే" అన్నంత వరకు లీలగా తెలిసింది. ఆ తర్వాత పరుశురాం చాలాసేపు ఏదో చెప్పాడు. రఘుపతి ఎడమ చెవిలో మగ్గాల హోరు తప్ప ఏమీ లేదు. గుమ్మం దాకా వెళ్లి, ఫోను రెండో చెవికి మార్చుకుంటే సరిపోయేది. అతను ఆ పది అడుగులూ వెయ్యలేదు.

"అదంత నాకు దెల్వదు. వచ్చెయ్ అంటే వచ్చెయ్," అని పెట్టేశాడు.

నాలుగు రోజులకి ఇరాక్‌లో అమెరికా స్థావరాల మీద ఇరాన్ క్షిపణులు వేసింది. రఘుపతి టీ బండి దగ్గర అందరికీ టీ పోయించాడు, బ్రహ్మచారికి రెండు. ఇప్పుడేమంటవ్ అని అడిగాడు. అది తలుచుకుంటే ఇప్పుడు అతనికి తన మీద తనకే రోత పుడుతుంది. రోజుకి రెండుసార్లు బస్రాకి ఫోన్ చేసి అదే మాట, అదే చెవి. నెలాఖరుకి పరుశురాం ఒక్క పెట్టెతో అమ్రోలిలో దిగాడు. గొడవల భయానికి కంపెనీయే కొందరిని పంపేస్తోందని ఇంట్లో అందరితో చెప్పాడు. అది అబద్ధమని రఘుపతికి తెలుసు. మామ మాట విని వచ్చాడనిపించుకోవడం ఇష్టంలేక అలా చెప్పాడనుకుని లోలోపల మురిసిపోయాడు.

యుద్ధం మాత్రం రాలేదు. కొన్నాళ్లకి ఆ సంగతి పేపర్లో లోపలి పేజీలకి జరిగింది, ఇంకొన్నాళ్లకి లేకుండా పోయింది. వచ్చింది కరోనా. మార్చిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. ముప్పై ఏళ్లలో అమ్రోలి అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. రఘుపతి, సారక్క, పరుశురాం, జమున, మంగ ఒకే గదిలో సర్దుకున్నారు. బస్రా క్యాంపులోని తోటివాళ్లు పరుశురాంకి ఫోన్ చేసి, గేట్లు మూశారనీ, మూడు పూటలా తిండి పెడుతున్నారనీ, జీతం ఆపలేదనీ చెప్పారు. పరుశురాం మంచిదే కదా అన్నాడు. రఘుపతి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఏప్రిల్లో ఒకరోజు ఫోన్లో వింత వార్త వచ్చింది. అమెరికాలో చమురు ధర సున్నా కిందికి పడిపోయింది. పీపా పట్టుకుపోయేవాడికి అమ్మేవాడే ఎదురు డబ్బులిస్తాడట. పరుశురాం పడీ పడీ నవ్వి, మామా, గిప్పుడు నూనె కోసం యుద్ధం జేసినోడు ఉల్టా నష్టపోతడు అన్నాడు. అందరితో పాటు రఘుపతి కూడా నవ్వాడు. నవ్వు మధ్యలోనే అతనికి లెక్క తెలిసింది. ఏ నూనె కోసం బాంబులు పడతాయని వీణ్ణి పిలిపించాడో, ఆ నూనె ఉచితంగా ఇచ్చినా తీసుకునేవాడు లేడు.

నూనె కోసం యుద్ధాలు జరుగుతాయా అని ఎవరైనా నన్నడిగితే, జరగకపోవని నేనూ అంటాను. ఇంత రాసిన నాకు రఘుపతిని వెర్రివాడనడానికి నోరు రాదు. కానీ పెద్ద సంగతి తెలిసినవాడికి ప్రతి చిన్న సంగతీ తెలిసినట్టే అనిపిస్తుంది. అక్కడ పడ్డాడతను.

వానాకాలానికి మగ్గాలు మళ్లీ ఆడాయి. పరుశురాం అదే వీధిలో వేరే గది అద్దెకి తీసుకుని, మామ పక్క వరసలోనే ఎనిమిది మగ్గాలు పట్టాడు. మరుసటేడు ఏప్రిల్లో అతనికి జ్వరం వచ్చింది. అయిదో రోజుకి ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో మంచం దొరకడానికి ఒక పూట పట్టింది. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. మూడో రోజు ఒక నర్సు దయతలచి వీడియో కాల్ కలిపింది. ముక్కు మీద మాస్కు, మాట రాదు. జమున ఏడుస్తూ ఫోను మామ చేతికిచ్చింది. పరుశురాం మామని చూశాడు. అరచెయ్యి ఎత్తి గుండెకి ఆనించి, మెల్లగా బయటికి చూపించాడు. నువ్వు పోయిరా, నీ మగ్గాలు నేను చూసుకుంటాను. మర్నాడు పొద్దున అతను పోయాడు. శ్మశానంలో వరస ఉంది. గుడ్డ చుట్టిన మొహం చూపించలేదు.

రఘుపతి పేపరు చదవడం మానేశాడు. జమునకి చెప్పాలని అతనికి ఒకటే బాధ. కంపెనీ పంపలేదమ్మా, నేనే పిలిపించాను, అక్కడే ఉంటే బతికేవాడు. దశదినం నాడు నోటిదాకా వచ్చి ఆగింది. ఇంకోసారి ఆమె గది గుమ్మం దాకా వెళ్లి, మంగకి బిస్కెట్లిచ్చి తిరిగొచ్చాడు. చివరికి సారక్కతో చెప్పుకున్నాడు.

"చెప్పి ఏం జేస్తవ్?" అంది సారక్క. "నీ మనసు తేలికైతది, దానిది బరువైతది. నువ్వే మొయ్యి."

అతను మోశాడు. ఏడాది పాటు జమున మొహంలోకి సరిగ్గా చూడలేదు. ఆమె ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని పట్టింది. అతను కార్ఖానా నుంచి వస్తూ ఆ గది ముందు తలొంచుకుని నడిచేవాడు.

మరుసటి ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడింది. చమురు లేచింది, దానితో దారం రేటు లేచింది, శేఠ్‌లు ఒక షిఫ్టు ఎత్తేశారు. ఒక పొద్దున టీ బండి దగ్గర బ్రహ్మచారి పేపరు తెచ్చి రఘుపతి ఒళ్లో పెట్టాడు. ఏడాదిగా ఆ చోటు బోసిపోయింది, అతనికి పాత జగడం కావాలి.

"తేల్ సాబ్, గిది దేని కోసం? నువ్వే చెప్పాలె."

రఘుపతి పేపరు మడిచి తిరిగి ఇచ్చేశాడు. "నాకు దెల్వదు," అన్నాడు.

గెలిచినందుకు బ్రహ్మచారి సంతోషించలేదు. టీ సగం తాగి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే సెలవు రోజు మధ్యాహ్నం జమున ఒక కాగితం పట్టుకుని వచ్చింది. చీరల పని సగానికి పడిపోయింది. జగిత్యాల ఏజెంటు కువైట్‌లో ఇంటిపనికి వీసా ఉందన్నాడు, రెండు రోజుల్లో మాట చెప్పాలన్నాడు. మంగని సారక్క దగ్గర ఉంచి పోవాలని ఆలోచన. అంతా చెప్పి, మళ్లీ యుద్ధం అంటున్నరు కదా మామా, కువైట్ పోతే మంచిదేనా, నువ్వు పొమ్మంటే పోత, వద్దంటే మానుకుంట అంది.

కువైట్. రఘుపతికి ఆ కాగితం మీద అక్షరాలు ఆనలేదు. పొమ్మంటే ఒక భయం, వద్దంటే ఒక భయం. తన నోటిమాటతో ఒక మనిషి కదలడమన్నదే అతనికి ఇప్పుడు భయం. మోసింది చాలనిపించింది. వంటగదిలోంచి సారక్క చూస్తోందని తెలిసినా ఆగలేదు.

"నన్ను అడగకు బిడ్డా. పరుశురాంను కంపెనీ పంపలె. నేనే పిలిపించిన. నూనె కోసం యుద్ధం అయితదని ఫోన్ జేసి జేసి వాని పానం దీసిన. రాకపోతే బతికేటోడు. గిది నీకు చెప్పకుండ ఏడాది దాచిన."

జమున ఏడవలేదు. కాగితం మడతలు సరిచేస్తూ కూర్చుంది.

"నాకు ఎరుకే మామా," అంది. "నువ్వు ఫోన్ జేసిన్నాడే నాకు చెప్పిండు. లాండ్రీల పెద్ద పని ఇస్తమన్నరు, ఇక్కడ భయమేం లేదు, ఒక్క యాడాది ఉండి వస్త అని నీకు శానసేపు చెప్పిండట. మామ విన్నడో లేదో అన్నడు."

"వినలె," అన్నాడు రఘుపతి.

"యుద్ధానికి భయపడి రాలె ఆయన. మామ గొంతు వణుకుతుంది, కువైట్ల ఒక్కడే పడ్డ కష్టం యాదికొస్తున్నట్టుంది, నేను కండ్ల ముందట ఉంటె గని ఆయనకు నెమ్మది ఉండదు అన్నడు. రేపు యుద్ధం రాకపోతె నలుగుర్ల నువ్వు చిన్నబోవద్దని కంపెనీ పేరు చెప్పిండు."

రఘుపతి ముప్పై ఏళ్లుగా ఎవరు ఎందుకు కదులుతారో తనకి తెలుసనుకున్నాడు. సైన్యాలెందుకు కదులుతాయో, దారం రేటు ఎందుకు కదులుతుందో. తన ఇంట్లో పెరిగినవాడు తన కోసం కదిలి వచ్చాడని మాత్రం తెలియలేదు. మురిసిపోయాడు, టీలు పోయించాడు. ఆసుపత్రి మంచం మీద నుంచి ఆ చేతి సైగతో కూడా వాడు అదే చెప్పాడు, నీ కోసం నేనున్నానని. రఘుపతి రెండు చేతులతో మొహం కప్పుకుని, సారక్క ఎదుటే, ఏడాదిగా ఏడవనిదంతా ఏడ్చాడు. ఎవరూ అతన్ని ఆపలేదు.

చాలాసేపటికి తేరుకుని, అంతా తెలిసి కూడా మళ్లీ నన్నే ఎందుకడుగుతున్నావని అన్నాడు.

"ఇంకెవల్ని అడగాలె?" అంది జమున. "ఈసారి నూనె సంగతి వద్దు మామా. నా సంగతి చూసి చెప్పు."

ఆమె సంగతి రఘుపతికేం తెలుసు? రోజూ ఎన్ని చీరల దారాలు కత్తిరిస్తుందో, మంగని వదిలి ఉండగలదో లేదో, ఈ ఊళ్లో ఉండలేక పోవాలనుకుంటోందో, గతిలేకనో. కువైట్ గురించి గంటసేపు చెప్పగలడు. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి ఒక్క ముక్క తెలియదు.

ఆమె అతనికి ఎడమవైపు కూర్చుని ఉంది. రఘుపతి లేచాడు. ముక్కాలిపీట చేత్తో ఎత్తి ఆమెకి అటువైపు వేసుకుని, కుడి చెవి ఆమె వైపు ఉండేలా కూర్చున్నాడు.

"నీకు పోవాలనుందా బిడ్డా?" అని అడిగాడు.

జమున కాగితం పక్కన పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది. రఘుపతి మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.